గోడవైపు తిరిగి కూర్చున్న మామయ్య

సిగార్లు చుట్టే కార్ఖానాలో రుచి చూసే గది అది. లోపల గడియ పెట్టుకుని ఇద్దరున్నారు: సిగార్ల రుచి తేల్చే పనిలో ఆ గది కుర్చీలోనే జుట్టు నెరిసిపోయిన మామగారు ఒకరు, పక్కగదిలో సిగార్లకి కాగితం పట్టీలు అంటించే పని వదిలి ఇటు వచ్చిన ఆయన కోడలు ఒకరు.

“నావల్ల కాదు మామయ్యా. ఇంకేదైనా చెప్పండి చేస్తాను. ఇది మాత్రం నావల్ల కాదు.”

“ఒక్క సిగార్ నోట్లో పెట్టుకోమంటే బావిలో దూకమన్నట్టు మాట్లాడతావేంటమ్మా.”

“దూకడమే నయం. మామగారి ఎదురుగా కూర్చుని చుట్ట కాల్చిందని అత్తయ్య నాకు పేరు పెడుతుంది.”

“చుట్ట అనకు. చుట్ట వేరు, సిగార్ వేరు. ఈ ఆకు ఎన్నేళ్లు మాగిందో తెలుసా నీకు. అయినా మీ అత్తయ్యకి ఎవరు చెబుతారు? నువ్వు చెప్పవు, నేను చెప్పను.”

“మీరు చెప్పరా? పన్ను కదులుతోంది, ఎవరితోనూ అనకమ్మా అని పొద్దున నాతో అన్నారు. మధ్యాహ్నానికి పాలవాడు నన్నడిగాడు, పెద్దాయన పన్ను ఎలా ఉందని.”

“పన్ను సంగతి వేరు, ముక్కు సంగతి వేరు. పన్ను పోతే కట్టించుకుంటాను. నాకు వాసన పోయిందని తెలిస్తే ఈ కుర్చీ పోతుంది.”

“అందుకే చెప్పేయమంటున్నాను. జ్వరం వచ్చింది, తగ్గింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. అందులో మీ తప్పేముంది? తిరిగొస్తుందని డాక్టరు కూడా అన్నాడు కదా.”

“రావచ్చు అన్నాడు. వస్తుంది అనలేదు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసులో ముక్కు పెట్టి చూసుకునేవాడికి తెలుస్తుంది. వేడినీళ్లు తాగుతున్నానమ్మా నేను. కాఫీ కాదు.”

“మన యజమాని బాబుగారు మంచివారే మామయ్యా. అర్థం చేసుకుంటారు.”

“అదే నా భయం. అర్థం చేసుకుంటాడు. భుజం మీద చెయ్యేసి, చాలా కష్టపడ్డారు పెద్దాయనా, ఇక ఇంటిపట్టున హాయిగా ఉండండి అంటాడు. ఇంటిపట్టున ఏం చేయను? మీ అత్తయ్య టీవీ సౌండు పెంచితే తగ్గించమనాలి, తగ్గిస్తే పెంచమనాలి, అంతేగా.”

“మరి ఇన్నాళ్లూ ఎలా గడిపారు?”

“గొంతు నొప్పన్నాను కొన్నాళ్లు. పన్ను అన్నాను కొన్నాళ్లు. పాత రకాలే కాబట్టి చేత్తో నొక్కి చూసి, ఆకు రంగు చూసి నెట్టుకొచ్చాను. ఇవాళ అలా కాదు. ఇది కొత్త రకం, ఇంతకుముందు ఎవరూ తాగింది కాదు. కొనేవాళ్లు రేపు దిగుతున్నారు. నేను ఊ అంటే ఈ పూటే చుట్టడం మొదలుపెడతారు. ఉహూ అంటే ఆకు మళ్లీ లోపల పెట్టి మాగబెట్టాలి.”

“ఉహూ అనేయండి. ఎందుకొచ్చిన గొడవ.”

“బాగున్నదాన్ని ఉహూ అంటే? బాగోనిదాన్ని ఊ అంటే? ఇదిగో చూడమ్మా, నోట్లో పెట్టి చూడకుండా ఒక్కదాన్ని కూడా బాగుందనలేదు నేను. ఈ బాబుగారి నాన్నగారు, పెద్దయ్యగారు, నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టిన రోజు ఆ ఒక్క మాటే అడిగారు. ఇంకేం అడగలేదు. ఆ మాట పోగొట్టుకోలేకే నిన్ను బతిమాలుతున్నాను. నీ నోరే నా నోరనుకుంటాను.”

“మీ అబ్బాయిని అడగొచ్చు కదా.”

“వాడా. మాడిన అన్నానికీ మంచి అన్నానికీ తేడా తెలియదు వాడికి. నీకు తెలుసు కదా ఆ సంగతి.”

“తెలుసు. అదొక్కటే ఆయనలో నాకు కలిసొచ్చిన గుణం.”

“నీ ముక్కు అలాంటిలాంటి ముక్కు కాదు. పక్కింట్లో గ్యాస్ లీకైతే వాళ్లకే తెలియలేదు, నువ్వు మేడ మీంచి దిగొచ్చి తలుపు కొట్టావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల మా ఇంటికి కాదు, మా కార్ఖానాకి రావలసిన పిల్ల అని.”

“వచ్చాను కదా. పట్టీలు అంటిస్తున్నాను.”

“అమ్మాయ్, టైము లేదు.”

“...సరే. కానీ మీరు చూస్తుండగా నావల్ల కాదు. మీరు అటు తిరగండి.”

“ఎటు?”

“గోడవైపు. కుర్చీతో సహా.”

“ఈ గోడకేసి చూస్తూ కూర్చోవాలా నేను? సున్నం కూడా రాలిపోయింది.”

“సున్నాన్నే చూస్తారో, కళ్లే మూసుకుంటారో మీ ఇష్టం. తిరిగితేనే నేను ముట్టుకుంటాను.”

“సరే సరే, తిరిగాను. చాలా? కొస కత్తిరించే ఉంచాను. బల్ల మీదుంది, చూడు.”

“ఇదేనా? ఇంత లావేంటి మామయ్యా, అప్పడాల కర్రలా.”

“అలా అనకు దాన్ని. మెత్తగా పట్టుకో. నలిపేయకు.”

“పట్టుకున్నాను. ఆ పొగలాగే ఫ్యాను వేస్తున్నాను. బట్టలకి పొగ పట్టిందంటే పట్టీల గదిలో ఒక్కొక్కళ్లూ ఒక్కో ప్రశ్న వేస్తారు.”

“ఫ్యాను వేస్తే అగ్గిపుల్ల ఆరిపోతుంది.”

“ఫ్యాను లేకపోతే నేను వెళ్లిపోతాను.”

“వేసుకో తల్లీ, వేసుకో. వెలిగించు. అగ్గి దగ్గరగా పెట్టకు, కాస్త దూరంలో పెట్టి సిగార్ని తిప్పుతూ ఉండాలి. అంచంతా ఒకేలా అంటుకోవాలి.”

“ఆరిపోయింది.”

“చెప్పానా. ఇంకోటి గీయి. చేయి అడ్డం పెట్టు.”

“చేయి అడ్డం పెడితే పుల్ల ఎవరు పట్టుకుంటారు, సిగార్ ఎవరు పట్టుకుంటారు? నాకున్నవి రెండే చేతులు మామయ్యా.”

“సిగార్ నోట్లో ఉండాలి.”

“నోట్లో ఉంటే మీతో మాట్లాడేదెలా?”

“మాట్లాడకు. నీకు పుణ్యముంటుంది, ఒక్క నిమిషం మాట్లాడకు. గీశావా?”

“గీశాను. విరిగింది.”

“అబ్బబ్బ. పొయ్యి ఎలా వెలిగిస్తావమ్మా ఇంట్లో.”

“లైటరుతో. ఇక్కడ లైటరు లేదా?”

“ఆ వాసన తగిలితే రుచి చెడిపోతుంది. పుల్లే గీయాలి. గీయి.”

“ఉండండి, గాభరా పెట్టకండి. ఆ... ఇదిగో... అయ్యో. మామయ్యా, ఇది కూడా—”

“అంటుకుందా? హమ్మయ్య. ఇక చెప్పేదేం లేదు, లాగు. పొగ లోపలికి మింగకు. నోట్లోనే తిప్పుకో.”

“అది కాదు మామయ్యా, అసలు—”

“అసలూ కొసరూ తర్వాత. బాబుగారు వచ్చే వేళయింది. లాగావా?”

“లాగాను కానీ—”

“కానీ లేదు. ఏం తగిలింది నాలుక మీద?”

“ఏమీ తగల్లేదు.”

“ఏమీ తగలకపోవడం ఏంటి. మనిషి నోరే కదా అది. మళ్లీ లాగు, కాస్త గట్టిగా. ఇప్పుడు?”

“ఎండుగడ్డిలా ఉంది.”

“ఎండుగడ్డా. తడిసి ఎండిన గడ్డా, తడవకుండా ఎండిన గడ్డా?”

“గడ్డి ఎప్పుడు తడిసిందో నాకెలా తెలుస్తుంది?”

“ముక్కిపోయిన వాసన ఉందా లేదా అని అడుగుతున్నా.”

“లేదు. శుభ్రంగానే ఉంది. కొత్త చెక్కపెట్టె మూత తీస్తే వస్తుందే, అలాంటి వాసన.”

“ఆ. ఇప్పుడు చెప్పావు మాట. చెక్క. మరి ఘాటు? గొంతులో గుచ్చుకుంటోందా?”

“అస్సలు లేదు.”

“అస్సలు లేదా? సరిగ్గా చూడు. ఘాటు బొత్తిగా లేని ఆకు ఉండదు.”

“లేదంటే లేదు మామయ్యా. ఉంటే ఉందననా? నాకేం భయమా.”

“అంత మెత్తగా మాగిందన్నమాట. పెద్దయ్యగారి కాలంలో చూశాను అలాంటి ఆకు. పొగ వేడిగా వస్తోందా నోట్లోకి?”

“చల్లగా ఉంది.”

“చల్లగానా?”

“చల్లగానే. మామయ్యా, చల్లగా ఎందుకుందంటే—”

“ఎందుకుంటుందో నాకు చెప్పక్కర్లేదు. చుట్టిన చేయి మంచిదైతే పొగ చల్లగానే వస్తుంది. గాలి ఎంత ఆడాలో అంతే ఆడుతుంది. నువ్వు రుచి చెప్పు, కారణం నేను చెబుతాను.”

“మీరు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వరేం?”

“నువ్వు చెప్పాల్సిన మాటలు తప్ప అన్నీ చెబుతున్నావు కాబట్టి. నా బాధ నీకు అర్థం కావట్లేదమ్మా. ఇక్కడ గోడకేసి చూస్తూ కూర్చుని, నా పని ఇంకొకరి నోటితో చేయించుకుంటున్నాను. వంటవాడికి చేతులు కట్టేసి, వంట ఎలా ఉందో పక్కింటివాళ్లని అడిగి తెలుసుకో అన్నట్టుంది. తిక్క పుడుతుందా పుట్టదా?”

“పుడుతుంది. కానీ నా మీద ఎందుకు పుట్టాలి?”

“నీ మీద కాదు. ఈ ముక్కు మీద. ముఖం మధ్యలో ఇంత పెద్దది పెట్టుకుని తిరుగుతున్నాను, దేనికి? కళ్లజోడు నిలబడ్డానికి. సరే, అంచు చూడు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కాలిందా?”

“ఎక్కడా హెచ్చుతగ్గు లేదు.”

“నుసి రంగు ఎలా ఉంది?”

“నుసి పడలేదు.”

“ఇంకా పడలేదా? ఇంతసేపైనా?”

“ఒక్క రవ్వ కూడా పడలేదు. అందుకే మామయ్యా, ఒకసారి ఇటు తిరిగి మీరే—”

“వద్దన్నది నువ్వే, తిరగమన్నది నువ్వే. తిరిగితే మళ్లీ సిగ్గంటావు, మొదటికొస్తుంది. నుసి అంతసేపు నిలబడిందంటే ఆకు పొడుగాకు, ముక్కలు కలపలేదు. బాబుగారు నా మాట విన్నాడన్నమాట. నేను అనుకోలేదు వింటాడని. పై ఆకు ఎక్కడైనా చిట్లిందా?”

“చెక్కు చెదరలేదు.”

“అమ్మాయ్, నువ్వు మొదట్లో విసిగించావు గానీ, చెప్పేది ముక్కకి ముక్క సరిగ్గా చెబుతున్నావు. పొగ ఇటు రావట్లేదే మరి?”

“రాదు మామయ్యా. ఎలా వస్తుంది?”

“అవున్లే, ఫ్యాను. తీపి ఏమన్నా తగిలిందా? పెదవికి అంటుకునే తీపి. కొస దగ్గర.”

“కొస దగ్గర... ఆ, కొంచెం ఉంది. కిస్‌మిస్ పండు నోట్లో పెట్టుకుని తీసేసినట్టు.”

“కిస్‌మిస్. మళ్లీ చెప్పు.”

“కిస్‌మిస్.”

“ఎంత బాగా చెప్పావే. నేను చెబితే ఎండుఫలం అని ఊరుకునేవాణ్ని. ఎండుగడ్డి, కొత్త చెక్క, చివర్లో కిస్‌మిస్. ఘాటు లేదు, వేడి లేదు, నుసి నిలబడింది. ఇంతకంటే ఏం కావాలి? అమ్మయ్య. గుండె మీద నుంచి రాయి దింపావు.”

“దింపలేదు మామయ్యా. నా మాట వినండి. మీరు ఊ అనకండి. ఇంకా ఊ అనకండి. ముందు నేను చెప్పేది—”

“ఎవరో వస్తున్నారు.”

“ఎవరు?”

“ఆ చెప్పుల చప్పుడు బాబుగారిదే. దాచెయ్. వెనక్కి పెట్టుకో. బట్టలకి తగలనీయకు, కాలుతుంది.”

“కాలదు.”

“చెప్పింది చెయ్యి. గడియ నేను తీస్తాను. నోరు మెదపకు, నీకు దణ్ణం పెడతాను.”

కార్ఖానా యజమాని లోపలికి వచ్చాడు. తండ్రి పోయాక ఈమధ్యనే పగ్గాలు పట్టుకున్నవాడు. గుమ్మంలోనే నిలబడి కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

“ఆహా. పెద్దాయనా, ఆగండి. ఏమీ చెప్పకండి. ముందు నన్ను ఆస్వాదించనివ్వండి.”

“అలాగే బాబుగారూ.”

“వరండాలోనే తగిలింది నాకు. ఏం పరిమళం. అదిగో, మళ్లీ వచ్చింది. ఈవిడెవరు?”

“మా కోడలు బాబుగారూ. పట్టీల గదిలో చేస్తుంది. అన్నం తిన్నానో లేదో అడగడానికి వచ్చింది.”

“మంచిది. చూడమ్మా, మీ మామగారు లేకపోతే ఈ కార్ఖానా లేదు. నాన్నగారు ఎప్పుడూ అనేవారు.”

“బాబుగారూ, నేనొక మాట—”

“నువ్వుండమ్మా, పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నాం. బాబుగారూ, ఈ కాలం పిల్లలకి అన్నం తప్ప ఇంకో ధ్యాస లేదు.”

“అంతా తాగేశారా పెద్దాయనా? ముక్క కూడా కనబడదేం?”

“మంచిదాన్ని మధ్యలో వదలబుద్ధి కాలేదు.”

“చెప్పండి మరి. నేనూ పట్టుకున్నాననుకోండి, అయినా మీ నోట వినాలి.”

“మొదట ఎండుగడ్డి బాబుగారూ. తడవని, శుభ్రమైన ఎండుగడ్డి.”

“సరిగ్గా అదే. సరిగ్గా అదే అనుకున్నాను గుమ్మంలో. తర్వాత?”

“కొత్త చెక్క. పెట్టె మూత తీసినట్టు.”

“ఆ చెక్కే నాకు వరండాలో తగిలింది. మరి మిరియం?”

“మిరియమా?”

“ఆ చెక్క వెనకాలే సన్నగా మిరియం ఘాటు. ఈ గదిలో ఇప్పటికీ తేలుతోంది కదా. మీకు తగల్లేదా?”

“తగలకేం బాబుగారూ. సన్నగా. చాలా సన్నగా. చెప్పబోతున్నాను, మీరే అనేశారు.”

“మామయ్యా.”

“ఉండమ్మా. చివర్లో కిస్‌మిస్ బాబుగారూ. పెదవి మీద.”

“కిస్‌మిస్. అద్భుతం. ఆ మాటే దొరక్క ఇందాకణ్నుంచి తన్నుకుంటున్నాను. రేపు కొనేవాళ్లతో ఇదే మాట అంటాను. అయితే ఊ అన్నట్టేనా?”

“మామయ్యా, ఒక్క క్షణం.”

“ఊ అన్నట్టే బాబుగారూ.”

“నోట్లో పెట్టి చూసే అంటున్నారు కదా. నాన్నగారు అడిగినట్టు అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.”

“...నోట్లో పెట్టి చూసిందే బాబుగారూ.”

“చాలు. ఇప్పుడే లోపల చెబుతాను, చుట్టడం మొదలుపెట్టమని. ఒక్కోసారి నాకూ అనుమానం వస్తుంటుంది పెద్దాయనా, నాన్నగారి ముక్కు నాకు వచ్చిందా రాలేదా అని. ఇవాళ మీరు చెప్పిందీ నాకు తగిలిందీ ఒకటే అయ్యాక ధైర్యం వచ్చింది. వస్తాను. ఈ గదిలోంచి కదలాలని లేదు నాకు, ఆ వాసన అలా ఉంది.”

యజమాని వెళ్లిపోయాడు. పెద్దాయన తలుపు చేరవేసి, దానికే వీపు ఆనించి నిలబడ్డాడు.

“చూశావా. చూశావా అమ్మాయ్. నువ్వన్నవన్నీ ఆయనకీ తగిలాయి. వరండా నుంచే.”

“చూశాను.”

“మిరియం నువ్వు పట్టుకోలేకపోయావు. ఫర్వాలేదు, మొదటిసారి కదా. నేనే సర్దేశాను.”

“మీరు సర్దారు. నేను విన్నాను.”

“అబద్ధం కాదమ్మా అది. నీ నోరు నా నోరనుకున్నాను కదా, అందుకే నోట్లో పెట్టి చూశానన్నాను. పెద్దయ్యగారు పైనుంచి విన్నా తప్పు పట్టరు. కాదంటావా?”

“నేనేమీ అనను మామయ్యా. ఇందాకణ్నుంచి అందామనే చూస్తున్నాను. గోడకేసి తిరిగినప్పుడూ అననివ్వలేదు, ఇటు తిరిగాకా అననివ్వలేదు, ఆయన ముందూ అననివ్వలేదు.”

“సరే, ఇప్పుడు అను. ఎంతసేపైనా వింటాను. అదేంటి, ఏడుస్తున్నావా? బాబుగారు అంతగా మెచ్చుకుంటే ఏడుపెందుకు? బయటినుంచి వచ్చిన మనిషి, రోజూ ఈ పనిలో లేని మనిషి, ఆయనకే గదంతా గుప్పుమంది, అంత మంచి సరుకు ఇది.”

“అదే నాకు అర్థం కావట్లేదు మామయ్యా, ఆయనకి ఏం గుప్పుమందో. ఒక్క పుల్లా నిలవలేదు. ఇదిగో చూడండి, ఇది ఇంకా వెలగనే లేదు.”